మసియు దాని వాహనమును

మా యిండ్లలో నొకప్పుడు కాటుక పట్టుట పండుగపూట పనివంటిది. ఆముదపు ప్రమిద వెలిగించి, దాని కిరువైపుల రెండిటుకలు నిలిపి, వానిపై ఇత్తడి పళ్ళెమును బోర్లించి, రాత్రియంతయు వత్తి సన్నగా మండునట్లు కావలియుండిన ముసలమ్మకు ఏ శాస్త్రగ్రంథమును చదువకయే రెండు సంగతులు తెలిసియుండెను. వత్తి లావైనచో మసి ముతకగును. వత్తి సన్నమైనచో నది మెత్తనై కంటికి చలువ నిచ్చును. పళ్ళెమునుండి గీచి తీసిన యా నల్లని పొడి కొంచెము వెన్నతోనో ఆముదముతోనో కలిసినప్పుడే కాటుక యగును. కలియనిచో మసియే, ఊదిన నెగిరిపోవును.

ఇంక్‌జెట్ ప్రింటరులోని రంగుల సిరాల నన్నిటిని తొలగించి, వానికి మారుగా పలుచన చేసిన కర్బనపు సిరాలను నింపుకొని, నలుపు-తెలుపు ఛాయాచిత్రములను ముద్రించుకొనువారు పాతికేండ్లుగా పడుచున్న పాట్లను చూచినప్పుడెల్ల నా కా ముసలమ్మ జ్ఞప్తికి వచ్చుచుండును. నాజిళ్ళు పూడిపోవుట, సిరా అడుగున పేరుకొనుట, బూడిదవన్నెలు గోధుమవన్నెకు దిగుట, నునుపు కాగితముపై కంచుమెరుపు తేలుట, ఇట్లు వారి కష్టములు చెప్పుకొన్నకొలది పెరుగును. కాని వీనిలో మసి బుద్ధిపూర్వకముగా చేసిన ద్రోహ మొక్కటియు లేదు. ఎండ దానిని వెలియింపజాలదు, గాలి దానిని మార్పజాలదు. తగవు చాలవరకు దానిని మోయు పదార్థముతోడనే. దేవతలకు వలె నలుపునకును ఒక వాహనము కావలెను. ఆ వాహన మొకప్పుడు వజ్జరపు జిగురు, ఒకప్పుడు జెలటిను, నేడు నీరు. మసి చరిత్ర యనునది యథార్థమునకు ఈ వాహనముల చరిత్రయే.

చీనాదేశమున క్రీస్తుశక మారవ శతాబ్దినాటి ‘ఛీమిన్ యావోషు’ అను వ్యవసాయగ్రంథమున సిరా కూర్చు విధానము చెప్పబడియున్నది. మంచి మసిని దంచి సన్నని పట్టుబట్టతో జల్లింపవలెననియు, అది మిక్కిలి తేలికయగుటచే ఆరుబయట జల్లించినచో నెగిరి పోవును గనుక పాత్రలోపలనే జల్లింపవలెననియు ఆ గ్రంథకర్త హెచ్చరించెను. పైరుపంటల గ్రంథమున నింత జాగ్రత్త చెప్పినవాడు తన చేతులు నల్ల చేసికొనియే చెప్పియుండునని నా నమ్మకము. ఈ విద్యయే జపానునకు పోయెను. నారా నగరమున 1577 లో నెలకొన్న కోబాయెన్ అను సిరాగృహమున నూనెదీపములపై మట్టిమూతలు బోర్లించి, మసి సమముగా పట్టుటకై వానిని కొంతసేపటి కొకసారి త్రిప్పుచు, రాలిన మసిని జంతుచర్మముల నుండి తీసిన జిగురుతో చేతులార పిసికి, కొయ్య అచ్చులలో నొత్తి, కడ్డీలుగా నారబెట్టుదురు. ఈ పని చలికాలముననే చేయుదురు. వేసవిలో జిగురు కుళ్ళును. మసి ఏ ఋతువున నైనను మసియే. ఋతువునకు లోబడునది జిగురు.

అచ్చటి సిరా పండితు లెరిగిన మరియొక మర్మ మున్నది. నూనెదీపపు మసితో చేసిన సిరాను పలుచగా పూసినచో కొంచెము గోధుమఛాయ కనబడును. పైను కఱ్ఱను కాల్చి తీసిన మసి నీలిఛాయను చూపును. రెండును కర్బనమే. భేదము రేణువుల పరిమాణమున నున్నది. మిక్కిలి సూక్ష్మమగు రేణువులు వెలుతురులోని నీలిభాగమును ఎక్కువగా మ్రింగి ఎఱుపును పోనిచ్చును. ముతకరేణువు లన్నిటిని ఇంచుమించు సమముగా మ్రింగును. చిత్రకారులు ఈ రెండు నలుపులను రెండు రాగములవలె వాడుకొనిరే గాని దీనిని లోపముగా నెంచలేదు.

మన తాళపత్రముల సంగతి వేరు. గంటముతో ఆకుపై అక్షరమును గీసి, ఆ గాడిలోనికి ఆకుపసరుతోనో నూనెతోనో కలిపిన దీపపుమసిని రుద్ది, పైనున్నదానిని తుడిచివేయుదురు. అక్షరము గాడిలో నిలుచును. ఇచ్చట వాహనము క్షణకాలపు బాడుగబండి మాత్రమే. మసికి నిజమైన యిల్లు గంటము త్రవ్విన గాడి. అందుచేతనే ఆకు పురుగు తిని రాలిపోయినను, మిగిలిన ముక్కపై నక్షరము నేటికిని నల్లగా నుండును. వెలిసిన వ్రాతను మరల మసి రుద్ది బ్రతికించుటయు గలదు. అట్టి భాగ్యము కాగితపు వ్రాతకు లేదు. కాగితము వచ్చిన పిమ్మట లేఖకుల యొద్ద మసిబుఱ్ఱ చేరెను. ఆ కాలముననే ఐరోపావారు మాచికాయ కషాయమున అన్నభేది కలిపిన సిరాతో వ్రాయుచుండిరి. అది కాలక్రమమున గోధుమవన్నెకు తిరిగి కాగితమునే తొలిచివేయుచు వచ్చెను. తూర్పుదేశపు మసికడ్డీని చూచి ఆంగ్లేయులు దానిని ‘ఇండియన్ ఇంకు’ అనిరి. ఫ్రెంచివారు ‘చీనా సిరా’ అనిరి. పేరు విషయమున ఫ్రెంచివారే సత్యమునకు దగ్గర.

ఇక ఛాయాచిత్రము. దాని జన్మము వెండిలవణములలో నైనది. వెండికి గంధకముతోడి వైర మెల్లరెఱిగినదే. దేవుని మందిరమున పూజకు వాడు వెండిగిన్నె నల్లబడినట్లే ఛాయాచిత్రములోని వెండియు క్రమముగా పాడగును, కాని నల్లబడుటకు మారుగా పసుపుపచ్చనై మాసిపోవును. ఇరువదియేండ్లు నిండకమునుపే ఈ వ్యాధి ఎంతటి భయము గొలిపెననగా, 1855 లో లండనునగరపు ఛాయాచిత్ర సమాజమువారు చిత్రములేల వెలియుచున్నవో విచారించుటకు ప్రత్యేక మొక సంఘమును నియమించిరి. విక్టోరియా రాణి భర్తయగు ఆల్బర్టు యువరాజు దాని ఖర్చులకు 50 పౌనులొసగెను. కడుగక మిగిలిన హైపో అను స్థాపకలవణము, నగరముల గాలిలోని గంధకము అను రెంటిని ఆ సంఘము ముఖ్యదోషులుగా తేల్చెను. హైదరాబాదు నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా లాలా దీన్ దయాళ్ కోటలను, దర్బారులను, వేటలను చిత్రించి యిచ్చినవి ఎక్కువగా ఆల్బుమెను కాగితముపైని వెండి ప్రతులే. కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన ఆ కాగితము వయసు మీరినకొలది పసుపువారును. దర్బారు దుస్తుల తెలుపు తేనెవన్నెకు వచ్చినచో తప్పాయనది కాదు.

వెండి విడిచి మసిని పట్టుకొందమన్న యాలోచన అప్పుడే పుట్టెను. డైక్రోమేటు లవణము పూసిన కాగితము వెలుతురున మారునని స్కాట్లండువాడగు మంగో పాంటన్ 1839 లోనే కనుగొనియుండెను. 1855 లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు అల్ఫోన్స్ పోయిత్‌వాఁ జెలటినులో మసియు డైక్రోమేటును కలిపి, వెలుతురు సోకినచోట జెలటిను గట్టిపడి వేడినీట కరుగకుండుననియు, సోకనిచోట కరిగి మసితోకూడ కొట్టుకొనిపోవుననియు చూపి, పేటెంటు పొందెను. సిద్ధాంతము చక్కగా నున్నది. కాని చిత్రమును కడుగబోగా నడిమివన్నె లన్నియు మాయమాయెను. ముఖము తెల్లగను, కోటు నల్లగను మిగిలి, చెక్కిళ్ళ నీడ యెచ్చటికో పోయెను. ఈ లోపమునకు కారణము వెదకుట యొక అపరాధ పరిశోధన వంటిది. వెలుతురు పైనుండి వచ్చును గనుక జెలటిను పైపొరనే మొదట గట్టిపడును; నీడ తక్కువగల తావులలో గట్టిపడిన పలుచని పొర క్రింద ఇంకను మెత్తని జెలటిను ఉండిపోవును; వేడినీరు తగులగానే ఆ మెత్తనిది కరగి, దానిపై తేలుచున్న సన్ననిపొర కాగితము నంటక కొట్టుకొనిపోవును. ఇంటి కప్పు గట్టిదే, క్రింద గోడ యిసుకది.

దీనికి చాలినంత సులభమగు పరిష్కారమును ఇంగ్లండున న్యూకాసిలు పట్టణపు మందుల వర్తకుడు జోసెఫ్ విల్సన్ స్వాన్ 1864 లో కనుగొనెను. వెలుతురు చూపిన పిమ్మట ఆ జెలటిను పొరను మరియొక కాగితముపై బోర్లించి అంటించి, పాత కాగితమును ఒలిచివేసి, వెనుకవైపునుండి కడుగవలెను. అప్పుడు గట్టిపడిన భాగము క్రొత్త కాగితము నంటుకొని సురక్షితముగా నుండును. కరగవలసినదంతయు పైనుండి కరగిపోవును. దీనికై ఆయన తయారుచేసి అమ్మిన మసిజెలటిను పూత కాగితమునకే ‘కార్బన్ టిష్యూ’ అని పేరు. అడాల్ఫ్ బ్రాన్ అను వాడు ఈ పద్ధతిని కొని, ఐరోపా చిత్రశాలలలోని మహాచిత్రముల ప్రతులను వేలకొలది ముద్రించెను. వానిలో ననేకములు నేటికిని మొన్న ముద్రించినట్లున్నవి. ఇచ్చట నొక్క మాట చెప్పక యుండలేను. దీపపుమసిని చిరస్థాయిగా చిత్రమున నిలిపిన యీ స్వానే తరువాత విద్యుద్దీపమును రూపొందించిన వారిలో నొకడై, మసి పుట్టని దీపమును లోకమునకు చూపెను. మసికి మహోపకారము చేసినవాడే దాని పుట్టింటిని ఆర్పివేసెను.

కార్బను ముద్రణమునకు చేటు వచ్చినదియు వాహనము వలననే. డైక్రోమేటు పెట్టిన జెలటిను ఒకటి రెండు దినములలో నుపయోగింపకున్న తనంత తానే గట్టిపడును. వేడి, తేమ యెక్కువైనచో మరింత త్వరగా పాడగును. మన వేసవి నీటిలో జెలటిను కరగి జారిపోవును. చీకటిగదిలో నొక నిమిషమున తేలు బ్రోమైడు కాగితము వచ్చినప్పుడు ఈ శ్రమ నెవరు కోరుదురు? ఇరువదవ శతాబ్దిలో అది కొలదిమంది సాధకుల విద్యగా మిగిలెను.

శతాబ్ది చివర మరల సిరా వంతు వచ్చెను. సంగీతకారుడు గ్రాహం నాష్ 1,26,000 డాలర్లు పెట్టి ఐరిస్ 3047 అను ముద్రణయంత్రమును కొని, మాక్ హోల్బర్టుతో కూడి 1991 లో కాలిఫోర్నియాలో ముద్రణశాల తెరచెను. అచ్చుకు ముందు పరీక్షాప్రతులు తీయుటకు చేసిన యంత్ర మది. మందమైన జలవర్ణ కాగితము పట్టుటకై దాని ముద్రణశిరస్సులను వెనుకకు జరిపి, తయారీదారు హామీని చేజేతుల పోగొట్టుకొనిరి. చిత్రములు మనోహరములు, సిరాలు మాత్రము నీట కరిగిన రంగులు, కొలది యేండ్లలో వెలియునవి. ఇండ్లలోనికి వచ్చిన ప్రింటర్లదియు నదే గతి. 2000 సంవత్సరపు ఎప్సన్ స్టైలస్ ఫోటో 1270 తో నునుపుకాగితముపై ముద్రించిన చిత్రములు కొందరి యిండ్లలో వారముల వ్యవధిలోనే నారింజవన్నెకు తిరిగెను. గాలిలోని ఓజోను నీలిరంగును తినివేసెనని తేలెను. ఆ యేడే వచ్చిన 2000పీ ప్రింటరున రేణువుల సిరాలు వాడిరి. అవి వెలియవు గాని, నలుపు-తెలుపు చిత్రము దీపముక్రింద బూడిదగను కిటికీయొద్ద ఆకుపచ్చగను కనబడెను. మూడు రంగులు కలిపి బూడిదవన్నె పుట్టింపబోయిన ఫలమిది. బూడిదవన్నెకు బూడిదయే వాడరాదా యన్న ప్రశ్న సహజముగా పుట్టెను.

అమెరికాలో వెర్మాంటు రాష్ట్రపు ముద్రాపకుడు జాన్ కోన్ ‘పీజోగ్రఫీ’ యను పేర దీనికి సమాధానము చూపెను. ఎఱుపు, నీలము, పసుపుల గూళ్ళలో వేర్వేరు పలుచదనముల కర్బనపు సిరాలను నింపి, ముదురునలుపు చుక్కల నడుమ తెల్లకాగితము కనబడుటకు మారుగా లేతబూడిద చుక్కలు నిండునట్లు చేసెను. తరువాత రాయ్ హారింగ్టను వ్రాసిన క్వాడ్‌టోన్ రిప్ అను సాఫ్టువేరు ఏ గూటిలో ఎంతటి బూడిద యున్నదో ప్రింటరునకు చెప్పు పనిని సామాన్యుల చేతికి తెచ్చెను. ఎప్సన్ యంత్రములే దీనికి చెల్లుట కొక కారణము గలదు. కొన్ని జాతుల ప్రింటర్లు సిరాను క్షణమాత్రము మరిగించి ఆవిరిబుడగతో చిమ్మును. అట్టిచోట పరాయి సిరా మాడి అంటుకొనును. ఎప్సన్ తలలో విద్యుత్తు తగిలినప్పుడు వంగెడి స్ఫటికము సిరాను నొక్కి చిమ్మును. క్యూరీ సోదరులు 1880 లో కనుగొన్న ధర్మమునకు తలక్రిందులగు రూపమిది. వేడి లేదు గనుక ఇంటిలో కలిపిన సిరానైనను అది కాదనదు.

కాదనదు నిజమే, కాని కలుపుటలో నున్నది కష్టమంతయు. ముదురు కర్బనపు సిరాను నూటికి 30 పాళ్ళు, 9 పాళ్ళు, 2 పాళ్ళు చొప్పున పలుచన చేయవలె ననుకొందము. కేవలము బ్యాటరీ నీళ్ళు పోసినచో ఏమగును? సిరాలోని కర్బనరేణువు లొండొంటిని అంటుకొనకుండ కాచునది వానిచుట్టునున్న పూత. తడి త్వరగా నారకుండ కాచునది గ్లిజరిను. కాగితముపై చుక్క సరిగా పరచుకొనునట్లు చేయునది ఒక సబ్బువంటి పదార్థము. నీరు పోసినకొలది ఈ మూడును పలుచనై, రేణువులు గుంపులు కట్టి, నాజిలు అంచున సిరా ఎండి గట్టిపడును. కావున పలుచన చేయు ద్రవమునే ముందుగా కూర్చుకొనవలెను: శుద్ధజలము, గ్లిజరిను, ఒకటి రెండు చుక్కలు ఫోటో-ఫ్లో. చీకటిగదిలో కడిగిన ఫిల్ముపై నీటిచారలు పడకుండ వేసెడి ఆ ఫోటో-ఫ్లోయే ఈ సిరాలోనికి వచ్చుట నాకు ముచ్చటగా తోచును. ఉద్యోగము పోయిన పాత గుమాస్తా క్రొత్త కచేరీలో కుదురుకొన్నట్లున్నది.

కొన్నేండ్ల క్రిందట నేనును ఆరు సిరాల పాత ప్రింటరు నొకదానిని సంపాదించి యీ సాధనకు పూనుకొంటిని. సిరా అమ్మిన వర్తకుడు, పేరెందుకు లెండు, పలుచన చేయుటకు నీరు చాలునని హామీ యిచ్చెను. మొదటిదినము చిత్రములు ముత్యములవలె వచ్చెను. నాలుగుదినములు తాళము వేసి యూరికి పోయి వచ్చి మరల ముద్రింపగా, తొలి రెండు కాగితములపై లేతనీడలు పొగపట్టినట్లు ముదురుగా పడెను. అటుపై కాగితము కాగితమునకు వెలవెలబోయి, పదవది వచ్చుసరికి ఆకాశమున మేఘములే లేవు. నేను ప్రింటరును నిందించితిని, కాగితమును మార్చితిని, తలను మూడుమారులు కడిగించి ఖరీదైన సిరాను వ్యర్థము చేసితిని. దోషము వీనియందెందును లేదు. లేతసిరాలో రేణువులు నాలుగు దినములుగా అడుగునకు దిగుచుండెను. కార్ట్రిడ్జి నుండి సిరా వెడలు ద్వారము అడుగుననే యున్నది. కావున ముందు మడ్డియు, తరువాత పైనున్న తేటనీరును వచ్చెను. మజ్జిగకుండను కదిలింపక వంచినట్లయినది. కార్ట్రిడ్జిని తీసి మెల్లగా నటునిటు త్రిప్పి పెట్టగా వ్యాధి కుదిరెను. మెల్లగా ననుట ముఖ్యము. గట్టిగా కుదిపినచో గాలిబుడగలు చేరి, నాజిళ్ళు పూడినట్లే ఖాళీగీతలు పడును, అప్పుడు చికిత్సయే వ్యాధి యగును. హైదరాబాదు మేనెల పొడిగాలిలో నాజిళ్ళు నిజముగానే పూడుటయు గలదు; ప్రింటరుపై తడిగుడ్డ కప్పుట నవ్వులాటగా కనబడినను, నేను కప్పితిని.

నాజిళ్ళ పరీక్షయును ఈ సిరాలతో నొక చిక్కు. ప్రింటరు సన్నని మెట్లగీతలు ముద్రించి, ఏది తెగినదో చూచుకొనుమనును. నూటికి రెండు పాళ్ళ సిరాతో గీచిన గీత తెల్లకాగితముపై ఎవని కంటికి కనబడును? భూతద్దము పట్టి, దీపమును ప్రక్కనుండి చూపి, ఉన్నదో లేదో తేల్చుకొనలేక తలనొప్పి తెచ్చుకొన్న వా రెందరో. ఒక్కొక్క సిరాను నిండుపట్టీగా ముద్రించి చూచుటయే మేలు. నాజిలు మూసికొనినచో పట్టీ నడుమ తెల్లనిగీత కనబడును. ఇరువదియొక్క మెట్ల బూడిదపట్టీని ముద్రించినప్పుడు ఒక మెట్టు తనకంటె లేతగా నుండవలసిన మెట్టుకంటె లేతగా నుండినచో నాజిళ్ళను అనుమానింప పనిలేదు, రెండు సీసాలు తారుమారై వేర్వేరు గూళ్ళలో పడినవని గ్రహింపవచ్చును. సీసాలన్నియు నల్లగనే యుండుట ఈ వ్యాపారమున తక్కువ కీడు కాదు. చీటీ ఊడిన సీసాను చూచి అది ఏ పలుచదనమో చెప్పగలవాడు లేడు.

కంచుమెరుపు సంగతి త్వరగా ముగింతును. నునుపుకాగితముపై రేణువులు లోని కింకక పైననే నిలిచి, ఏటవాలుగా చూచినప్పుడు మెరయును. పైన పారదర్శకమగు పూత పూసి కొందరు సరిపుచ్చుకొందురు, తక్కినవారు గరుకు కాగితమునే వాడుదురు. నేను రెండవ తెగలో నున్నాను.

కడపట వన్నె. ముదురుసిరా కాగితముపై నిక్కమగు నలుపే. కాని పలుచన చేసినకొలది అది గోధుమవన్నెకు దిగును, కాగితము మారినచో ఆ గోధుమవన్నెయు మారును. ‘నా సిరా చెడిపోయినది’ అని క్రొత్తవాడు భయపడును. నారాలోని సిరాకారు లెరిగిన సూక్ష్మరేణువుల ధర్మమే యిది; నాజిలుకై మసిని ఎంత సూక్ష్మముగా నూరిరో, అంత గోధుమవన్నె తప్పదు. దీనిని తటస్థము చేయుటకై కొందరు రవంత నీలపు రేణువుల సిరాను కలుపుదురు. ముద్రించిననాడు చిత్రము వెండిచిత్రము వలె చల్లగా నుండును. కాని నీలమునకు మసియంత ఆయువు లేదు; గోడపై నేండ్లు గడచినకొలది నీలము ముందు తొలగి, చిత్రము మెల్లగా తన గోధుమవన్నెకు తిరిగి వచ్చును. నేను రెండేండ్లు నీలము కలిపి మానితిని. మొన్న మా యింటి ముసలమ్మ పాత చిత్రమును మరల ముద్రించి బల్లపై నారబెట్టితిని. చెంపల నీడయందు కనబడిన వన్నె, చంటిబిడ్డ బుగ్గమీది కాటుకచుక్క వ్రేలు తగిలి చెదిరినచోట కనబడు వన్నెయే.